పొలుసుల్లేని పాముండే ఇంట్లో పదకొండు రోజులు

మా తణుకు వైపు పాము కనిపిస్తే రెండే పనులు చేస్తాం. పుట్ట దగ్గరైతే దణ్ణం పెడతాం, పెరట్లో అయితే కర్ర వెతుకుతాం. మూడో పని కూడా ఒకటుందని, దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని టీ తాగొచ్చని యాభై దాటాక హైదరాబాదు పాతబస్తీలో తెలుసుకున్నాను. ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆయన కుర్చీ దూరంగా జరుపుకున్నారు. మా తోటికోడలు నా మీద రెండుసార్లు పసుపునీళ్ళు చల్లింది. ఇక నోటితో చెప్పి లాభం లేదని రాస్తున్నాను.

నేను కోళ్ళ హేచరీలో పనిచేస్తాను. ఇరవై రెండేళ్ళుగా గుడ్లు పొదిగించే గది నా అజమాయిషీలో ఉంది. మా తమ్ముడు ప్రసాద్ హైదరాబాదులో గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. ఛత్రినాకలో పాలవాళ్ళ మేడ మీద అద్దెకుంటాడు. శ్రావణమాసం రాబోతుండగా ఫోను చేసి, "అక్కా, మీ దగ్గర పాత థర్మోస్టాట్ ఏదైనా ఉంటే పట్టుకుని ఓసారి రా. మా ఇంటాయన గుడ్ల పెట్టెలో వేడి కుదరటం లేదు" అన్నాడు. ఏ గుడ్లో చెప్పలేదు. చెబితే నేను రానని వాడికి తెలుసు.

ఛత్రినాక: మేడ కింద

బోనాలు అయిపోయి ఎన్నో రోజులు కాలేదు. గుమ్మాలకి కట్టిన వేపమండలు ఎండి గలగలమంటున్నాయి. సందులో ఒక పక్క ఆటోలు, ఒక పక్క గేదెలు. వాటిని అక్కడ బర్రెలంటారు. ఇంటి యజమాని మల్లేశ్‌కి నలభై అయిదేళ్ళుంటాయి. తాతల నాటి నుంచీ పాల వ్యాపారమే. స్కూటరుకి తగిలించిన క్యాన్లు దింపుతూ, "నమస్తే అక్కా, ప్రయాణం మంచిగైందా?" అని పలకరించాడు.

"గుడ్లేవీ బాబూ?" అన్నాను, వచ్చిన పని మరిచిపోయేదాన్ని కాదని తెలియాలని.

"గుడ్లు యాడికి పోతయి అక్కా? మొదలు తండ్రిని సూడు."

కింద వాకిలి పక్కనున్న గదిలోకి తీసుకెళ్ళాడు. ప్రసాద్ మూడో మెట్టు దగ్గరే ఆగిపోయాడు. నాలుగేళ్ళుగా వాడు కిందివాళ్ళతో మాట్లాడేదంతా ఆ మెట్టు మీద నుంచేనట. ఎందుకో నాకు అర్థమయ్యేలోపే మల్లేశ్ ఒక గాజు పెట్టె మూత తీసి, నాలుగడుగుల పామును చేతుల మీద పరుచుకుని నా ముందు నిలబడ్డాడు.

అరిచాను. దాచుకోవడం ఎందుకు, వీధి చివరిదాకా వినబడేలా అరిచాను.

"ఫికర్ చెయ్యకు అక్కా. గిది అమెరికా జెర్రిపోతు. విషం లేదు. మన పాముల పెంచితె జైలే. ఫారెస్టాయన గూడ వచ్చి సూసి, ఇది మన దేశంది కాదు, మంచిగ సూస్కో అని చెప్పి పోయిండు."

గుండె నెమ్మదించాక చూస్తే అసలు వింత కనిపించింది. ఒంటి మీద పొలుసే లేదు. లేత గులాబీరంగు మీద గోధుమరంగు మచ్చలు తడిగుడ్డ మీద అద్దినట్టున్నాయి. వంపు తిరిగినచోట చర్మం సన్నగా ముడతలు పడుతోంది. పొట్ట కింద మాత్రం అడ్డంగా పలకలున్నాయి. అవీ లేకపోతే పాకలేదట.

"ఎవరైనా ఒలిచేశారా దీన్ని?" అన్నాను.

మల్లేశ్ భార్య యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అందరు గదే అడుగుతరు వదినా. పుట్టుకనే గట్ల. పేరు మఖ్మల్."

మఖ్మల్ అంటే మనం వెల్వెట్టు అంటామే, అది. ముట్టుకోమన్నారు. ముందు ఒక వేలు, తర్వాత అరచెయ్యి పెట్టాను. చల్లగా, జారుడుగా ఉంటుందనుకున్నాను గానీ చంటిపిల్ల చెవి తమ్మె ముట్టుకున్నట్టుంది. నాకు దాని మీద భయం పోయింది అక్కడే. జాలి కూడా పుట్టింది, ఇంత లేత ఒంటితో ఎలా బతుకుతుందా అని.

మల్లేశ్‌ది కూడా అదే దిగులు. పెట్టెలో గరుకు రాయి పెట్టడు, మెత్తటి గుడ్డలే. ఎలుకను చంపే వేస్తాడు, బతికున్నదైతే ఆ ఒంటిని కొరికేస్తుందని. ఎండాకాలంలో కుబుసం సరిగా ఊడకపోతే పక్కన కూర్చుని తడిగుడ్డతో అద్దుతాడు. ఇదంతా ఎలా నేర్చావంటే, నెట్ సెంటర్లో కూర్చుని బొమ్మలు చూసి, అక్కడి కుర్రాళ్ళ చేత చదివించుకుని నేర్చానన్నాడు. మఖ్మల్‌నీ, దానికి జతగా పొలుసులున్న ఒక ఆడదాన్నీ బొంబాయిలో ఎవరో వదిలించుకుంటుంటే తెచ్చుకున్నాడు. ఆడది మొన్న జ్యేష్ఠంలో ఆరు గుడ్లు పెట్టి, వారానికే చచ్చిపోయింది. ఒక గుడ్డు కుళ్ళింది. అయిదు మిగిలాయి.

"మఖ్మల్‌కు వయసైపోయింది అక్కా. మల్ల జత ఏడ దొరుకుతది? ఈ అయిదింట్ల ఒక్కటన్న తండ్రి లెక్క పుట్టకపోతె నా ఇంట్ల ఈ జాత ఖతం." నవ్వుతూనే అన్నాడు గానీ పామును పెట్టెలో పెట్టాక మూత మీద చెయ్యి చాలాసేపు ఉంచాడు.

గుడ్లు చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మోకోల్ పెట్టెలో, తడి కొబ్బరిపొట్టులో సగం కూరుకుని ఉన్నాయి. రెండు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, మూడు విడిగా ఉన్నాయి. పెంకు లేదు, మెత్తటి తోలులా ఉంది. బల్బు ఆరకుండా మండుతూ పెట్టెను ఉడకబెడుతోంది. నేను తెచ్చిన థర్మోస్టాట్ బిగించి, వేడి ఒకచోట నిలిచేదాకా కూర్చున్నాను. చీకటి చేసి టార్చి వేసి చూస్తే అయిదింటిలోనూ ఎర్రటి నరాలు కనిపించాయి. "అయిదూ బతికే ఉన్నాయి" అన్నాను. ఆ మాట విన్న మల్లేశ్ ముఖం చూస్తే నేనే వాటిని పెట్టినంత గర్వం వేసింది.

పొద్దున నేను చేసిన ఘనకార్యం

యాదమ్మ వండిన జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మన వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. అక్కడ చింతపండు నీళ్ళలో పచ్చి ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ పిసికి అలాగే పోసేస్తారు. మొదటి ముద్దకి మొహం చిట్లించి, నాలుగో ముద్దకి గిన్నె నా వైపు లాక్కున్నాను.

మర్నాడు పొద్దున ఏడింటికి మల్లేశ్ పాలు పొయ్యడానికి వెళ్ళాడు. నేను అలవాటుగా పెట్టె దగ్గరికెళ్ళి వేడి చూశాను. సరిగ్గా ఉంది. అప్పుడు గమనించాను, విడిగా ఉన్న మూడు గుడ్ల మీదా పైన పెన్సిలుతో ఇంటూ గుర్తు వేసి ఉంది.

కోడిగుడ్డును పొదిగించేటప్పుడు రోజూ తిప్పాలి. తిప్పకపోతే పిండం పెంకుకి అంటుకుపోతుంది. ఇప్పుడు మిషన్లే తిప్పుతున్నాయి గానీ నేను పనిలో చేరిన కొత్తలో చేత్తోనే తిప్పేవాళ్ళం. ఏవి తిప్పామో తెలియడానికి ఒక పక్క ఇంటూ, రెండో పక్క సున్నా పెట్టుకునేవాళ్ళం. మల్లేశ్ గుర్తులు చూడగానే నాకు ఆ రోజులు గుర్తొచ్చాయి. పాపం, పాల హడావుడిలో ఇవాళ తిప్పడం మరిచిపోయాడనుకున్నాను. చేతులు శుభ్రంగా కడుక్కుని మూడు గుడ్లనీ తలకిందులుగా తిప్పి పెట్టాను. అతుక్కున్న రెండూ తిప్పడానికి కుదరలేదు, వదిలేశాను. వెనక వైపు సున్నా లేదేమిటని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. మల్లేశ్‌కి పద్ధతి తెలియదులే అని నన్ను నేనే సమాధానపరుచుకున్నాను. అనుభవం ఉన్నవాళ్ళకి అడగడానికి నామోషీ.

ముర్గీ చౌక్, పురానాపూల్

ఆ రోజు ప్రసాద్ సెలవు పెట్టి నన్ను చార్మినార్ చూపించడానికి తీసుకెళ్ళాడు. నాకు చార్మినార్ కంటే పక్కనున్న ముర్గీ చౌక్ నచ్చింది. అక్కడ పందెంకోళ్ళని అమ్మేవాళ్ళు వాటిని చంకలో పెట్టుకుని, బుజ్జగిస్తూ బేరమాడుతున్నారు. ఒక ముసలాయన పుంజు కళ్ళకి చల్లటి నీళ్ళు అద్దుతున్నాడు. నేను దాని రెక్క విప్పి చూసి, పేను పట్టిందని చెప్పి వేపాకు కషాయం వెయ్యమన్నాను. ఆయన సంతోషించి ఇరానీ హోటల్లో మా ఇద్దరికీ టీ ఇప్పించాడు. ఎంత వద్దన్నా డబ్బులు తియ్యనివ్వలేదు. మా ఊళ్ళో ముక్కూమొహం తెలియని మనిషి టీ ఇప్పిస్తే ఎందుకిప్పించాడా అని ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తాం.

సాయంత్రం నాలుగు కాకముందే పురానాపూల్ దగ్గర గాజు పెట్టెలు చేసే యూసుఫ్ భాయ్ దుకాణంలో మల్లేశ్‌ని కలిశాం. పుట్టబోయే పిల్లలకి చిన్న పెట్టెలు చేయించడానికి వచ్చాడు.

"ఆవో బెహెన్‌జీ, కూర్చోండి" అని యూసుఫ్ భాయ్ నాకు స్టూలు తుడిచి వేశాడు. "చూస్తిరా మా మల్లేశ్ భాయ్ లొల్లి? ఇంట్ల మనుషులకు తల దువ్వుకునేటందుకు అద్దం లేదు, పాములకు గాజు బంగ్లాలు!"

"అయిదు డబ్బాలు చెయ్యి భాయ్" అన్నాడు మల్లేశ్.

"అయిదు గుడ్లకు అయిదు పిల్లలు వస్తయని గ్యారంటీ ఏంది? రెండు చేస్త మొదలు."

"అయిదు చెయ్యి. మా అక్క టార్చి కొట్టి సూసింది, అన్ని మంచిగున్నయి. ఇగ వారం దినాలు గుడ్డు కదలకుంటె సాలు."

టీ గ్లాసు నా పెదవి దాకా వచ్చి ఆగింది. "కదలకుండానా?" అన్నాను.

"గుడ్డు పెట్టినప్పుడు ఏ దిక్కు పైకుంటదో గదే దిక్కు ఆఖరుదాక ఉండాలె అక్కా. అందుకే ఇంటూ కొట్టిన. తిప్పితె లోపల పిల్ల మునిగి సస్తది. కోడిగుడ్డు లెక్క కాదు ఇది. నీకు తెల్వంది ఏమున్నది గని!"

నాకు ఆ దుకాణంలో ఒక్క గాజుముక్క కూడా కనబడలేదు. తలనొప్పి అని చెప్పి, ప్రసాద్‌ని తొందరపెట్టి ఆటో ఎక్కాను. దారంతా వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టాను. ఇంటికి చేరగానే చెప్పులు కూడా విప్పకుండా పెట్టె తెరిచి, మూడింటినీ మెల్లగా, ఇంటూ పైకి వచ్చేలా తిప్పాను. దాదాపు తొమ్మిది గంటలు అవి తలకిందులుగా ఉన్నాయి.

ఎవరికీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. గుడ్లంటే ఈవిడకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని పేరు పొందిన మనిషిని, ఇంకో మనిషి ఆశనంతా ఒక్క పొద్దుటిపూట తలకిందులు చేశాను. టార్చి వేసి చూడ్డానికి కూడా భయమేసింది.

నాగుల పంచమి

మనకి దీపావళి వెళ్ళాక చవితి నాడు పుట్టకి పాలు పోస్తాం, చిమ్మిలి తింటాం. అక్కడ శ్రావణంలో పంచమి నాడు. పొద్దున్నే ఆ వీధి ఆడవాళ్ళు చెంబులతో పాలు పట్టుకుని బారులు తీరారు, ఇంట్లో పాముంది కదా పుట్ట దాకా ఎందుకని. పాలవాళ్ళ ఇంటికి పాలు తీసుకొచ్చే వీధిని అక్కడే చూశాను. యాదమ్మ అందర్నీ నవ్వుతూ పలకరించి పాలు గిన్నెలో పోయించుకుంది. మఖ్మల్‌కి అద్దంలోంచే దణ్ణం పెట్టించింది. తర్వాత ఆ పాలతోనే చాయ్ కాచి తెచ్చినవాళ్ళందరికీ పోసింది.

"పాము పాలు తాగదు. తాగిపిస్తె దాని కడుపు ఖరాబైతది. మనకైతె కాదు కదా వదినా?" అంది నాకూ ఒక కప్పు ఇస్తూ.

ఆ రోజు అక్కడ ఇంకో ఆచారం ఉంది. అక్కాచెల్లెళ్ళు అన్నదమ్ముల కళ్ళు పాలతో కడుగుతారు. పువ్వును పాలలో ముంచి కళ్ళకి అద్దాలి. యాదమ్మ నేర్పితే ముందు ప్రసాద్ కళ్ళు కడిగాను. "చిన్నప్పుడు ఈ కళ్ళలోనే కారం కొట్టావు, ఇప్పుడు పాలా?" అన్నాడు వాడు. నవ్వుకుంటున్నాం. ఇంతలో మల్లేశ్ వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"మా చెల్లె పాలమూరుల ఉంటది. ఈయేడు రాలె. నువ్వు కడుగు అక్కా" అని కళ్ళు మూసుకుని మొహం పైకెత్తాడు.

పువ్వు పాలలో ముంచాను. ఒక కన్ను అద్దాను. రెండో కంటి దగ్గరికి వచ్చేసరికి నా వల్ల కాలేదు.

"మల్లేశూ, ఆ మూడు గుడ్లూ నేను తిప్పేశాను."

కళ్ళు తెరవలేదు. పాలు చెంప మీదుగా కారుతున్నాయి. ఇంటూ గుర్తు చూసి ఏమనుకున్నానో, ఎప్పుడు తిప్పానో, మళ్ళీ ఎప్పుడు సరిచేశానో అంతా చెప్పాను. విన్నాడు. లేచి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, బర్రెల కొట్టం వైపు వెళ్ళిపోయాడు.

నేను ఏడుపు మొహంతో నిలబడితే యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కోపమొస్తె బర్రెల దగ్గరికే పోతడు వదినా. పాలు పిండితె దిగుతది. నా మీద కోపమొచ్చినా గంతె. బర్రెలకే తెలుసు మా లొల్లి."

అరగంటకి నిండు బకెట్టుతో వచ్చాడు. "మల్ల తిప్పినప్పుడు మెల్లగ తిప్పినవా?" అన్నాడు.

"పసిపిల్లని పక్క మార్చినట్టు తిప్పాను."

"నా తప్పు గూడ ఉన్నది. గుడ్లల్లనే పని జేసినామె, ఈమెకు చెప్పేదేంది అనుకున్న."

"నేను అడగాల్సింది. అడగలేదు."

బకెట్టు దింపాడు. "కండ్లు కడిగిన అక్కకు ఏమన్న పెట్టాలె. యాదమ్మ చీర పెడ్తది. గని నువ్వు ఇప్పుడే పోవద్దు. పిల్లలు వచ్చేదాక ఉండు. ఏమైతదో ఇద్దరం సూద్దాం."

చీర కంటే ఆ మాట నాకు బరువుగా ఉంది. హేచరీకి ఫోను చేసి సెలవు పొడిగించుకున్నాను.

బహదూర్‌పురా: జూపార్కు

ఎదురుచూస్తూ కూర్చుంటే పిచ్చెక్కేట్టుందని యాదమ్మ నన్ను బహదూర్‌పురా జూపార్కుకి తీసుకెళ్ళింది. అంత దగ్గరలో ఉంటూ పెళ్ళయిన కొత్తలో ఒక్కసారే వెళ్ళిందట. సకినాలు కట్టుకుని వెళ్ళాం. అవి మన జంతికల్లా ఉంటాయిగానీ బియ్యప్పిండిలో నువ్వులేసి చేత్తో చుట్టలుగా తిప్పుతారు. నేను ప్రయత్నిస్తే చుట్ట కాలేదు. పులిని చూసి ఆవులించిన యాదమ్మ, పాముల గదిలో మాత్రం ప్రతి అద్దం ముందూ ఆగింది. "మస్తున్నయి గని, పాపం ఒక్కదానికి గూడ పేరు లేదు" అని బాధపడింది. నాకు ఆ మనిషి చాలా నచ్చింది.

అయిదు గుడ్లు

ఎనిమిదో రోజు పొద్దున అతుక్కున్న రెండు గుడ్ల మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు కనిపించాయి. సాయంత్రానికి రెండు తలలు బయటికొచ్చి, అలాగే ఉండి మమ్మల్ని చూస్తూ కూర్చున్నాయి. కోడిపిల్లలా తన్నుకుని బయటపడటం లేదు. ఒక రోజంతా తల బయట, ఒళ్ళు లోపల. ప్రసాద్ ఇంకో రెండు మెట్లు దిగి చూశాడు. బూడిదరంగు మచ్చలు, చక్కటి పొలుసులు. రెండూ తల్లి పోలికే.

నా కళ్ళు మిగిలిన మూడింటి మీదే ఉన్నాయి. తొమ్మిదో రోజు వాటిలో రెండు చీలాయి. నేను గోడకి చేరగిలబడి కూర్చుండిపోయాను. బతికున్నాయి. మునగలేదు. నేను చంపలేదు. మల్లేశ్ నా వైపు చూసి తలూపాడు. అవీ పొలుసులున్నవే. సగానికి సగం తండ్రిలా రావాలని నెట్‌లో ఉందట, కానీ నాలుగింటికి నాలుగూ తల్లిలాగే వచ్చాయి.

అయిదో గుడ్డు చీలలేదు. పదో రోజుకి సొట్టపడి, ఒక పక్కకి కుంగింది. మా హేచరీలో ఇరవై ఒకటో రోజు పిల్లల్ని తీశాక ట్రేలో మిగిలిన గుడ్ల కోసం ఆగం. వెనక ఇంకో బ్యాచి వస్తుంటుంది. లోపల ఏమున్నా లేకపోయినా బయటికి పోవలసిందే. ఎన్ని ట్రేలు నేనే దగ్గరుండి పారబోయించానో.

"ఇది అయిపోయింది మల్లేశూ. తీసేద్దాం, వాసనేస్తుంది" అన్నాను.

"ఎందుకక్కా? అది నిన్ను అన్నం అడిగిందా?" అన్నాడు. "ఉండనీ. దానికి ఎప్పుడు రాబుద్ధయితె అప్పుడొస్తది."

పదకొండో రోజు మధ్యాహ్నం బండికి నా ప్రయాణం. సంచి సర్దుకుంటుంటే కింద నుంచి యాదమ్మ కేక వినబడింది. వెళ్ళేసరికి మల్లేశ్ పెట్టె ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. కుంగిన గుడ్డు మీద చీలిక, అందులోంచి చిన్న ముట్టె. లేత గులాబీరంగు, నున్నగా, ఒక్క పొలుసు లేదు. నేను తిప్పిన మూడింటిలో అది ఒకటి. నేను పారేద్దామన్నదీ అదే.

మల్లేశ్ ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. పాముపిల్లని చూసి ఏడ్చిన మనిషి మా ఇంటావంటా లేరు.

ఇంటికి తిరిగొచ్చిన వారానికి మా హేచరీలో పిల్లల్ని తీసే రోజు వచ్చింది. డబ్బాలన్నీ లారీ ఎక్కాక మిగిలిన ట్రే పారబొయ్యడానికి మనిషి వస్తే ఆగమన్నాను. గుడ్లు ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. నాలుగింటిలో కిచకిచ వినిపించింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇలా విననందుకు సిగ్గేసింది. ఆ నాలుగింటినీ కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చి బల్బు కింద పెట్టాను. పొద్దుటికి మూడు పిల్లలయ్యాయి. నాలుగోది ఇక రాదు, తీసి పారెయ్యమన్నారు మా ఆయన. ఉండనీయండి అన్నాను.